ట్రస్టు చట్టాల పోలిక: ఒకే తగాదాను నాలుగు చోట్ల నడిపి చూడండి

పరీక్షలో వేర్వేరు దేశాల ట్రస్టు చట్టాలను పోల్చమంటే ఇలా చేయండి. ట్రస్టంటే ఒకరి (లబ్ధిదారు) మేలు కోసం ఇంకొకరు (ట్రస్టీ) ఆస్తిని తన చేతిలో ఉంచుకునే ఏర్పాటు. నిర్వచనాలు పక్కపక్కన పెట్టుకుంటే అది ఏ దేశంలోనైనా ఒకేలా కనిపిస్తుంది. తేడా బయటపడేది తగాదా వచ్చినప్పుడే. కాబట్టి ముందు ఓ తగాదా రాసుకోండి. మేనమామ రెండెకరాల పొలాన్ని స్నేహితుడి పేర రాసి, మేనల్లుడికి పాతికేళ్లు వచ్చాక అప్పగించమన్నాడు. స్నేహితుడు దివాలా తీశాడు, ఆలోపే అరెకరం అమ్ముకున్నాడు కూడా. మేనల్లుడేమో పద్దెనిమిది నిండగానే నా ఆస్తి నాకివ్వమంటున్నాడు.

కాగితంపై నిలువు గళ్లలో ఇంగ్లండ్, భారత్, ఫ్రాన్స్, క్వెబెక్ (కెనడాలోని రాష్ట్రం) రాయండి. అడ్డ వరసల్లో నాలుగు ప్రశ్నలు: ట్రస్టు అసలు ఏర్పడిందా? యజమాని ఎవరు? అప్పులవాళ్లు, కొన్నవాడు ఆ ఆస్తిని దక్కించుకోగలరా? గడువుకు ముందే ఇవ్వాలా? సెక్షన్ నంబరో తీర్పు పేరో లేని గడిని ఖాళీ గడిగానే లెక్కేయండి.

ఇంగ్లండ్‌తో మొదలుపెట్టండి. ఉద్దేశం, ఆస్తి, లబ్ధిదారు స్పష్టంగా ఉండాలన్నది నైట్ వర్సెస్ నైట్ (1840). చట్టపరమైన హక్కు ట్రస్టీది, ఈక్విటీ హక్కు, అంటే న్యాయబుద్ధితో కోర్టులు గుర్తించే హక్కు, లబ్ధిదారుది. దివాలా తీసిన ట్రస్టీ సొంత ఆస్తిలో ట్రస్టు ఆస్తి కలవదు. గడువు ప్రశ్నకు సాండర్స్ వర్సెస్ వాటియే (1841) చూడండి. అందులోనూ గడువు పాతికేళ్లే, మేజరైన లబ్ధిదారు ముందే తీసుకున్నాడు.

భారత్ గడిలో ఎక్కువమంది పొరపడతారు. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ఇంగ్లిషు సూత్రాల మీదే అల్లినది కాబట్టి, ఇక్కడా రెండు రకాల యాజమాన్యం ఉందని రాసేస్తారు. లేదు. సెక్షన్ 3 ప్రకారం యజమాని ట్రస్టీయే, లబ్ధిదారుకున్నది ఆ యజమాని మీద హక్కు. అప్పట్లో భారత్‌కు చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1931లో ఛత్రకుమారి దేవి కేసులో ఇదే తేల్చింది. అయినా అమ్మిన అరెకరం వెంట పడే దారి సెక్షన్ 63 ఇస్తుంది, సంగతి తెలియక డబ్బిచ్చి నిజాయితీగా కొన్నవాణ్ని సెక్షన్ 64 కాపాడుతుంది. ఫలితం ఇంగ్లండ్‌కు దగ్గరగానే ఉంటుంది, అక్కడికి చేరే దారి వేరు. మీ జవాబులో కనిపించాల్సింది ఆ దారే. పొలం కాబట్టి వీలునామా ద్వారా కాకపోతే రాతపూర్వక, రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాలి (సెక్షన్ 5), గడువు ప్రశ్నకు సెక్షన్ 56.

తెలుగులో ఇంకో ఇబ్బంది ఉంది. గుడి ధర్మకర్తనూ ట్రస్టీ అనేస్తాం. 1882 చట్టం మత, ధార్మిక ఎండోమెంట్లకు (గుడికో, దానధర్మాలకో రాసిచ్చిన ఆస్తులకు) వర్తించదు. గుడి ఆస్తి దేవుడిది, ధర్మకర్త చూసుకునేవాడు మాత్రమే. అవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1987 నాటి దేవాదాయ చట్టం కిందకు వస్తాయి. వాటిని ఈ కాగితంలో కలపకండి.

ఫ్రాన్స్ గడిలో కథ మొదటి ప్రశ్నకే ఆగిపోతుంది. ట్రస్టును పోలిన ఏర్పాటుగా అక్కడ 2007లో వచ్చిన ఫిడ్యూసీని ఉచితంగా ఇచ్చే ఉద్దేశంతో రాస్తే చెల్లదు (సివిల్ కోడ్ ఆర్టికల్ 2013). ఆ సంగతి రాసి, తగాదాను మార్చండి: ఒక కంపెనీ అప్పుకు హామీగా షేర్లను బ్యాంకుకు ఫిడ్యూసీ కింద ఇచ్చింది. ఇప్పుడు ఆర్టికల్ 2024 పనికొస్తుంది, బ్యాంకు దివాలా తీసినా ఆ షేర్లకు ముప్పులేదు. ఫిడ్యూసీని ట్రస్టు అని అనువదించకండి, పేరు అలాగే ఉంచండి.

క్వెబెక్‌ది మూడో పద్ధతి. అక్కడి సివిల్ కోడ్ ఆర్టికల్ 1261 ప్రకారం ట్రస్టు ఆస్తి ఎవరిదీ కాదు, అది విడిగా ఉండే ఆస్తిసమూహం. అప్పులవాళ్ల ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. మేనమామ తానే ట్రస్టీగా ఉండాలనుకుంటే, బయటి ట్రస్టీ ఒకరు జతగా ఉండాలి (ఆర్టికల్ 1275).

చివర్లో ట్రస్టులకు ఏ దేశపు చట్టం వర్తిస్తుందో చెప్పే అంతర్జాతీయ ఒప్పందం, 1985 హేగ్ కన్వెన్షన్ చదవండి. ఆర్టికల్ 6 ఏ చట్టం వర్తించాలో ట్రస్టు పెట్టినవాడికే వదిలేస్తుంది, దాన్ని ఆ స్వేచ్ఛకు హద్దు పెట్టే ఆర్టికల్ 15తో కలిపి చదవాలి. భారత్ ఇందులో చేరలేదు. హైదరాబాద్ ఆస్తి మీద విదేశీ ట్రస్టు ప్రశ్నకు ఆ కన్వెన్షన్‌ను ఆధారంగా చూపిస్తే మార్కులు పోతాయి.