కయాక్‌గా మారే గాలి ప్యాడిల్‌బోర్డు: గోదావరి పాయలకు సరిపడేది ఎలా ఎంచుకోవాలి?

నిలబడి తెడ్డు వేస్తే ప్యాడిల్‌బోర్డు, సీటు బిగించి కూర్చుంటే కయాక్. గాలి తీసి చుట్టేస్తే మొత్తం ఒక బ్యాగులో పడుతుంది, బోర్డు బరువు చాలా వరకు 8 నుంచి 12 కిలోల మధ్యే. పడవ కట్టుకోవడానికి రేవు లేనివాళ్లకి, ఊరి నుంచి బస్సులోనో ఆటోలోనో ఏటి దగ్గరికి వెళ్లేవాళ్లకి ఇంతకన్నా వీలైనది లేదు.

అమ్మేవాళ్ల ఫోటోల్లో మనిషి ఎప్పుడూ నిలబడే ఉంటాడు. కోనసీమలో మాత్రం మీరు ఎక్కువసేపు కూర్చునే ఉంటారు. పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది. ఆ ఎదురుగాలిలో నిలబడితే మీ ఒళ్లే తెరచాపలా పనిచేసి వెనక్కి నెడుతుంది. అందుకే బోర్డు అందం చూసే ముందు దాని కయాక్ సరంజామా ఎలా ఉందో చూడండి. ఒకవేళ నిలబడే ఆలోచనే లేకపోతే విడిగా గాలి కయాక్ కొనుక్కోవడమే మేలు. అది బోర్డు కన్నా తిన్నగా పోతుంది, ఒళ్లు కూడా తక్కువ తడుస్తుంది.

1. ఏ నీళ్లలో దింపుతారో ముందు తేల్చుకోండి

డెల్టాలో నీళ్లన్నీ ఒకటి కావు. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక సాగిన కాలువలు పొలాల తడికే కాదు, పడవల రాకపోకలకీ తవ్వినవి. లాకులు ఉన్నది అందుకే. ఇక్కడ నీళ్లు నెమ్మది, వెడల్పు తక్కువ, మలుపులు ఎక్కువ. 10 లేదా పదిన్నర అడుగుల బోర్డు చాలు. లాకుల తలుపులకీ తూములకీ బాగా దూరంగా ఉండండి, అక్కడ పైకి కనిపించని లాగుడు ఉంటుంది. ఎండాకాలంలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు కాబట్టి కాలువనే నమ్ముకుంటే ఆ రోజుల్లో బోర్డు ఇంట్లోనే ఉంటుంది.

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లో తిరగాలనుకుంటే 11 అడుగులకు తగ్గకుండా తీసుకోండి. పొడుగు పెరిగేకొద్దీ బోర్డు అటూ ఇటూ ముక్కు తిప్పకుండా పోతుంది. కూర్చుని రెండు వైపులా తెడ్డు వేసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. దిండి, యానాం లాంటి చోట్ల పాయ వెడల్పు చూసి ఇట్టే దాటేయొచ్చు అనిపిస్తుంది. గాలి తిరిగాక అదే వెడల్పు రెట్టింపుగా ఉంటుంది.

కోరింగ మడ అడవులు చాలామందిని ఊరిస్తాయి. అది అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా బోర్డు దింపకూడదు. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గరికి, అంతర్వేది అయినా మరొకటైనా, ఇలాంటి బోర్డు మీద వెళ్లొద్దు. అలలు, ఇసుక మేటలు, పాటు (నీళ్లు సముద్రంలోకి వెనక్కి తీయడం) లాగుడు అన్నీ అక్కడ ఒకేచోట ఉంటాయి.

వరద రోజుల సంగతి ఒక్క ముక్కలో: ఎర్రనీరు కనబడితే బోర్డు బయటికి తీయకండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అది ఊళ్ల కోసం పెట్టిన లెక్క. మీ బోర్డుకు అందులో పదో వంతు ప్రవాహం కూడా ఎక్కువే.

2. బరువు లెక్క వేసుకోండి

పెట్టె మీద రాసిన బరువు మోసినంత మాత్రాన బోర్డు సరిగ్గా నడుస్తుందని కాదు, మునగదు అంతే. మీ బరువు, మంచినీళ్లు, సీటు, సంచీ అన్నీ కలిపి ఆ అంకెలో మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోండి. 75 కిలోల మనిషి మరో 10 కిలోల సామానుతో వెళ్తే కనీసం 130 కిలోలు మోసేది కావాలి. చంటాడినో కుక్కపిల్లనో ముందు కూర్చోబెట్టుకునే ఆలోచన ఉంటే ఆ బరువు కూడా ఇప్పుడే కలపండి.

వెడల్పు 32 నుంచి 34 అంగుళాలు ఉంటే కొత్తవాళ్లు నిలబడగలరు. మందం 6 అంగుళాలకు తగ్గొద్దు. నిలబడ్డప్పుడు రెండు పాదాల మీద పంచుకునే బరువు కూర్చున్నప్పుడు ఒకేచోట పడుతుంది. పల్చటి బోర్డు నడుము దగ్గర వంగి, మీరు నీళ్లలో కూర్చున్నట్టే ఉంటుంది.

3. సీటు, రింగులు, తెడ్డు: అసలు పరీక్ష ఇక్కడే

సీటు పట్టీలు తగిలించే డి ఆకారపు రింగులు కనీసం నాలుగు ఉండాలి. ఒక్కో రింగు బోర్డుకు అతికిన గుండ్రటి మాసికను గోటితో అంచు వెంట తడిమి చూడండి. ఎక్కడైనా గోరు కిందికి దూరితే ఆ బోర్డు వద్దు. మీరు వెనక్కి ఒరిగినప్పుడల్లా ఆ బరువంతా లాగేది ఈ మాసికలనే.

రింగులు ఎక్కడ ఉన్నాయన్నదీ ముఖ్యమే. బోర్డు మధ్యలో ఎత్తుకునే పిడి ఉంటుంది, తూకం దాదాపు అక్కడే. మీ నడుము ఆ పిడికి కాస్త వెనగ్గా రావాలి. సీటు మరీ వెనక్కి పోతే తోక మునుగుతుంది, ముక్కు పైకి లేస్తుంది, ఆ లేచిన ముక్కును గాలి పట్టుకుని తిప్పేస్తుంది. ముందుకీ వెనక్కీ జరుపుకునేలా రెండు జతల రింగులు ఉన్న బోర్డు దొరికితే వదలకండి.

కాళ్లు తన్నిపెట్టుకోవడానికి పట్టీ ఉందో లేదో కూడా చూడండి. చాలామంది దీన్ని పట్టించుకోరు. అది లేకపోతే ప్రతి తెడ్డు దెబ్బకీ మీరు ముందుకు జారుతూ ఉంటారు, అరగంటలో నడుము పట్టేస్తుంది. సీటు వీపు పట్టు మెత్తగా ఉండటం కన్నా, వాలితే నిలబడేలా గట్టిగా ఉండటం అవసరం.

ఇక తెడ్డు. సెట్టులో వచ్చేది చాలా వరకు రెండు పనుల తెడ్డు: పైన పిడి తీసి రెండో రెక్క తగిలిస్తే కయాక్ తెడ్డు అవుతుంది. నిలబడి వేసేటప్పుడు మీ ఎత్తు కన్నా 6 నుంచి 10 అంగుళాలు పొడవు ఉండాలి. కూర్చుని వేసేటప్పుడు ఇంత వెడల్పు బోర్డుకు 230 సెంటీమీటర్ల దగ్గర్లో ఉండాలి. పొట్టి తెడ్డయితే వేళ్ల కణుపులు బోర్డు అంచుకు గీసుకుంటాయి. కొనేముందు రెండు రెక్కలూ బిగించి కొలత టేపు పెట్టి చూడండి. కీళ్ల దగ్గర మెలితిప్పితే ఆడకూడదు. నీళ్లు చేతుల మీదుగా ఒళ్లోకి కారకుండా రబ్బరు రింగులు ఉండాలి. తెడ్డు చేజారితే తేలుతుందో లేదో అడగండి.

4. ఎండను తట్టుకుంటుందా?

గాలి బోర్డు లోపల పైపొరనీ కిందిపొరనీ వేలకొద్దీ సన్నని దారాలు పట్టి ఉంచుతాయి. దీన్నే డ్రాప్‌స్టిచ్ అంటారు. అందుకే 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టినా బోర్డు బుడగలా ఉబ్బకుండా చెక్కలా గట్టిపడుతుంది. ఆ దారాల మీద ఒకే పొర పీవీసీ ఉంటే తేలిక, చవక, కానీ వంగుతుంది. రెండో పొరను జిగురుతో కాక వేడితో కలిపిన బోర్డులు మన ఎండలకు ఎక్కువ కాలం నిలుస్తాయి. అంచు అతుకుల మీద రెండు వరుసల పట్టీ ఉంటే ఇంకా నయం.

ఎంత మంచిదైనా ఒక సంగతి మారదు. పొద్దున్నే 27 డిగ్రీల్లో 15 పీఎస్ఐ కొట్టిన బోర్డు గట్టు మీద ఎండలో పడి లోపలి గాలి 50 డిగ్రీలకు చేరితే ఒత్తిడి 17 దాటుతుంది. అతుకులు విడేది ఇలాంటప్పుడే. ఒడ్డుకొచ్చి టీ తాగడానికి ఆగినా బోర్డును కొబ్బరి చెట్ల నీడకు లాగండి, లేదా కాస్త గాలి వదలండి. మిట్టమధ్యాహ్నం ఎండలో గాలి నిండిన బోర్డు ఉంచనే ఉంచొద్దు.

5. ఫిన్, పంపు, తాడు

ఫిన్ అంటే బోర్డు అడుగున నిలువుగా ఉండే రెక్క. మధ్య ఫిన్ ఊడదీసి మార్చుకునేలా ఉండాలి. లోతు నీళ్లలో పెద్ద ఫిన్ బోర్డును తిన్నగా నడిపిస్తుంది. కాలువల్లో గుర్రపుడెక్క, లంకల పక్కన ఇసుక మేటలు ఉంటాయి కాబట్టి వెనక్కి బాగా వాలిన పొట్టి ఫిన్ ఒకటి అదనంగా కొని ఉంచండి. నాచు దానికి చుట్టుకోకుండా జారిపోతుంది.

చేతిపంపు 10 పీఎస్ఐ దాటాక బరువెక్కుతుంది. కారుంటే 12 వోల్టుల పంపు హాయి, కానీ లంక మీదికి కారు రాదు, చేతిపంపు వదలకండి.

పడినా బోర్డు మీకు దూరం పోకుండా కట్టుకునే తాడు విషయంలో మన ఏటికి వేరే లెక్క ఉంది. నిలకడ నీళ్లలో కాలికి కట్టుకునేది సరిపోతుంది. పాయల్లో వలలు కట్టిన వెదురు గడలు, వంతెన స్తంభాలు ఉంటాయి. పారే నీటిలో బోర్డు గడకు ఒక పక్క, మీరు ఇంకో పక్క చిక్కుకుంటే చెయ్యి కాలి దాకా అందదు. నడుముకు కట్టుకుని ఒక్క లాగుతో ఊడిపోయే రకం తీసుకోండి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, బోర్డు మీద కాదు. ఈత బాగా వచ్చినవాళ్లకు 50 న్యూటన్ల (తేల్చే బలం కొలత) రకం చాలు, రానివాళ్లకు కనీసం 100.

6. పెట్టె విప్పిన రోజే ఇంట్లో పరీక్షించండి

వాపసు గడువు దాటకముందే ఈ పని అయిపోవాలి. ఫిన్లు పెట్టకుండా బోర్డును చాప మీద పరిచి పూర్తిగా గాలి కొట్టండి. సబ్బు నీళ్లు వాల్వు చుట్టూ, అంచుల వెంట రాయండి. బుడగలు లేస్తే కారుతున్నట్టే. వాల్వు దగ్గరైతే కిట్టులోని రెంచితో బిగిస్తే చాలాసార్లు ఆగిపోతుంది, అతుకు దగ్గరైతే వాపసు ఇచ్చేయండి. రాత్రంతా అలాగే ఉంచితే తెల్లారేసరికి చల్లదనానికి కాస్త తగ్గడం మామూలే, మెత్తబడితే మాత్రం అనుమానించాలి. తర్వాత సీటు బిగించి ఇరవై నిమిషాలు కూర్చోండి. పట్టీలు జారుతున్నాయా, మోకాళ్లు ఎక్కడ వస్తున్నాయి అన్నీ తెలిసిపోతాయి. ప్యాచ్ కిట్టులో జిగురు ఎండిపోలేదని చూసుకోండి.

7. మొదటిసారి దింపేటప్పుడు

డెల్టా దిగువన రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు లాగుతుంది. వెళ్లే ముందు రేవులో వలలు సర్దుకుంటున్న వాళ్లని అడగండి, ఏ వేళకి నీళ్లు తిరుగుతాయో చెప్తారు. పొద్దున్నే పాటుతో దిగువకు కొద్ది దూరం పోయి, పోటు మొదలయ్యాక గాలి వీపున పెట్టుకుని తిరిగి రావడం అన్నిటికన్నా తేలిక. పాటుకు ఎదురుగా గాలి వీస్తుంటే పాయలో పొట్టి అలలు లేస్తాయి, అప్పుడు నిలబడే ప్రయత్నం చేయకండి.

మొదటి రోజు ఒడ్డు పక్కనే నడుములోతు నీళ్లలో, సీటు బిగించి ఉండగా, కావాలని పడి మళ్లీ ఎక్కడం నేర్చుకోండి. వీపు పట్టు అడ్డొస్తుంది కాబట్టి దాన్ని మడిచి, పక్క నుంచి పొట్ట మీద పాకుతూ ఎక్కాలి. ఇది చేతికి రాకుండా పాయ మధ్యకు వెళ్లొద్దు.

ఇంటికొచ్చాక ఉప్పునీరు, ఇసుక పోయేలా మంచినీళ్లతో కడగండి. ముఖ్యంగా వాల్వు మూతలో, ఫిన్ గాడిలో. నీడలో పూర్తిగా ఆరాకే చుట్టండి, మన తేమకు తడి బోర్డు బ్యాగులోనే బూజు పడుతుంది.