పాత నెట్‌వర్క్ ప్రింటర్: కొత్త కంప్యూటర్ కొనేముందు చూసుకోవాల్సినవి

విండోస్ 10 ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విశాఖ ద్వారకానగర్ జిరాక్సు షాపుల్లో, ఆడిటర్ల ఆఫీసుల్లో సీపీయూలు మారుతున్నా, పదేళ్ల నాటి లేజర్ ప్రింటర్ మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని తీసిపారేయకండి. కొత్త కంప్యూటర్‌లోంచి ప్రింటు వచ్చేదాకా పాత కంప్యూటర్‌ని ఫార్మాటూ చేయకండి. డ్రైవరు (కంప్యూటర్‌ని ప్రింటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) పేరు, పోర్టు (ప్రింటర్‌కి డేటా వెళ్లే దారి) వివరాలు దాంట్లోనే ఉంటాయి.

ముందుగా ప్రింటర్ మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ తీయండి. పూర్తి మోడల్ నంబరు, ఐపీ (నెట్‌వర్క్‌లో ప్రింటర్ అడ్రస్), మ్యాక్ అడ్రస్ (ప్రింటర్ హార్డ్‌వేర్ నంబరు)తో పాటు, కంప్యూటర్ పంపే పేజీని చదవడానికి ప్రింటర్‌కి ఏ భాష వచ్చో కూడా అందులో ఉంటుంది. అక్కడ పీసీఎల్ గానీ పోస్ట్‌స్క్రిప్ట్ గానీ అనే ప్రింటర్ భాష కనిపిస్తే సగం గండం గడిచినట్టే, ఆ కంపెనీ యూనివర్సల్ డ్రైవరుతో (చాలా మోడళ్లకి పనికొచ్చేది) సాధారణంగా పని అయిపోతుంది. ఆ రెండూ లేకపోతే జాగ్రత్త. అలాంటి చవక మోడళ్లలో పేజీని తయారుచేసేది కంప్యూటరే కాబట్టి ఆ మోడల్‌ సొంత డ్రైవరు తప్పనిసరి. విండోస్ 11 పూర్తిగా 64 బిట్, పాత 32 బిట్ డ్రైవర్లు అందులో ఎక్కవు. ఆర్మ్ (ఇంటెల్, ఏఎండీ కాని రకం) ప్రాసెసర్ ల్యాప్‌టాప్ అయితే ఆర్మ్ డ్రైవరే కావాలి. ఇవన్నీ డబ్బు కట్టకముందే కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఊరూపేరూ లేని డ్రైవర్ సైట్ల జోలికి వెళ్లొద్దు.

రూటర్ మారితే ప్రింటర్ ఐపీ మారొచ్చు, అప్పుడు కంప్యూటర్ పాత అడ్రస్‌కే పంపుతూ ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. రూటర్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా రిజర్వ్ చేస్తే ఈ బెడద తీరుతుంది. ఐపీ 169.254తో మొదలైతే ప్రింటర్‌కి అడ్రసే అందలేదన్నమాట. బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలికి ల్యాన్ పిన్నులు పచ్చగా చిలుము పడతాయి, ముందు కొత్త కేబుల్ వేసి చూడండి.

ప్రింటర్‌ని కంప్యూటర్‌లో యాడ్ చేసేటప్పుడు విండోస్ దానంతటదే వెతికి చూపించినదాన్ని ఎంచుకోకండి. మాన్యువల్‌గా యాడ్ చేసి, టీసీపీ ఐపీ డివైస్ ఎంచి, ఐపీ కొట్టి, ప్రోటోకాల్ ‘రా’ (Raw), పోర్టు 9100 పెట్టండి. ప్రింటర్ పింగ్‌కి (నెట్‌వర్క్‌లో ఉందో లేదో చూసే పరీక్షకి) జవాబిస్తున్నా ఆఫ్‌లైన్ అంటుంటే పోర్టు సెట్టింగుల్లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ (ప్రింటర్ స్థితిని అడిగి తెలుసుకునే పద్ధతి) టిక్ తీసేయండి. విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే కంపెనీ డ్రైవర్లు పనిచేయవు.

స్కాన్ నేరుగా ఫోల్డర్‌లోకి పంపే పాత మెషీన్లు చాలావరకు ఎస్‌ఎంబీ 1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి మీదే ఆధారపడతాయి. కొత్త విండోస్‌లో అది ముందుగా ఆన్‌లో ఉండదు. ఎవరైనా ఆన్ చేసిపెడతానన్నా ఒప్పుకోకండి, 2017లో వాన్నాక్రై అనే వైరస్ పాకింది ఆ దారినే. మెషీన్‌కి ఆ సౌకర్యం ఉంటే స్కాన్ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

ఇక అక్టోబరు, నవంబరు తుపాన్ల సంగతి. ఉరుములప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు ల్యాన్ కేబులూ పీకేయండి, సర్జ్ (ఒక్కసారిగా ఎగసే కరెంటు) అటునుంచీ వస్తుంది. లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి తగిలించొద్దు, ఫ్యూజర్ (టోనర్ పొడిని వేడితో కాగితానికి అతికించే భాగం) వేడెక్కేటప్పుడు లాగే కరెంటుని చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. ట్రేలో ఆ పూటకి సరిపడా కాగితాలే ఉంచి, మిగతావి రీమ్ కవర్లోనే చుట్టిపెట్టండి. చెమ్మ పట్టిన కాగితం ఫ్యూజర్ వేడికి ముడుచుకుని లోపల ఇరుక్కుంటుంది.