ఎర్రగడ్డ వేరు కొనలో కణవిభజనను చూడడం ఎలా?

కణవిభజన దశల పేర్లను బడిలో వరుస తప్పకుండా అప్పజెప్పినవారు చాలామందే ఉంటారు గానీ, విభజన జరుగుతున్న ఒక్క కణాన్నైనా చూసినవారు తక్కువ. చూడడానికి కావలసిన ముఖ్యమైన వస్తువు తిరుపతి రైతు బజారులో ఏ రోజైనా దొరుకుతుంది. మనం ఎర్రగడ్డ అనీ, మిగతా చోట్ల ఉల్లిగడ్డ, ఉల్లిపాయ అనీ పిలిచే ఆ గడ్డనే ప్రపంచమంతటా జీవశాస్త్ర ప్రయోగశాలల్లో దీనికి వాడతారు. దానికి వేర్లు రెండు మూడు రోజుల్లోనే దిగుతాయి. పైగా దాని శరీర కణంలో ఉండే క్రోమోజోములు 16 మాత్రమే. మనిషి కణంలో ఉన్నదానికి సుమారు ఐదు రెట్ల డీఎన్‌ఏ ఆ 16 మూటల్లోనే సర్దుకోవలసి రావడంతో ఒక్కొక్క మూట లావుగా, సాధారణ కళాశాల సూక్ష్మదర్శినిలో కూడా తేటగా కనబడుతుంది. ఈ 16 అనే అంకెను చివరిదాకా గుర్తుంచుకుంటే క్రోమోజోముల సంఖ్య మారని సమవిభజనకూ (మైటోసిస్), ఆ సంఖ్య సగమయ్యే క్షయకరణ విభజనకూ (మియోసిస్) ఉన్న తేడాను ప్రత్యేకంగా బట్టీ పట్టనక్కరలేదు.

వేర్లు దించడం

కొత్తగా తవ్వి తెచ్చిన గడ్డ కొంతకాలం నిద్రావస్థలో ఉంటుంది కాబట్టి, ఇంట్లో కొన్ని వారాలు నిల్వ ఉన్న గడ్డను ఎంచుకోవాలి. అడుగున ఉండే ఎండు వేర్లను బ్లేడుతో గీకివేయాలి. అయితే వేర్లు పుట్టే బిళ్లకు గాయం కాకూడదు. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి, అడుగుభాగం మాత్రమే నీటిని తాకేలా గడ్డను దాని మూతిమీద కూర్చోబెట్టాలి. గడ్డ చిన్నదైతే పక్కల నుంచి మూడు ఈనెపుల్లలు గుచ్చి నిలబెట్టవచ్చు. నీటిని రోజూ మార్చాలి. మన ఎండలకు గ్లాసును మిద్దెమీద ఉంచితే గడ్డ కుళ్లడమే తప్ప వేరు దిగదు. ఇంట్లో నీడపట్టున ఉంచడమే మేలు.

వేర్లు సెంటీమీటరు పొడవు దాటాక, సూక్ష్మదర్శిని అవసరంలేని ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఒక వేరుమీద కొన నుంచి పైకి, మిల్లీమీటరుకు ఒకటి చొప్పున, నీటికి చెరగని సిరాతో సన్నని గీతలు పెట్టి మరునాడు చూడాలి. కొనకు కాస్త పైనున్న గీతలు ఎడమై ఉంటాయి, ఇంకా పైనున్నవి పెట్టిన చోటే ఉంటాయి. వేరు పెరగడంలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది. చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లలోని విభాజ్య కణజాలం కణాల సంఖ్యను పెంచుతుంది. దాని వెనుకనున్న కణాలు విభజన మానుకొని, నీటిని పీల్చుకొని పొడవుగా సాగుతాయి. కాబట్టి విభజనను చూడదలచుకున్నవారికి కొన మాత్రమే పనికివస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు కొనను పారవేసి, బాగా కనబడుతుందని లావుపాటి పైభాగాన్ని తీసుకున్నాను. గంటసేపు వెతికినా ఇటుకల్లా పేర్చిన పొడవాటి కణాలు తప్ప మరేమీ కనబడలేదు.

కోయడం, మెత్తబరచడం, అద్దకం

వేర్లు రెండు మూడు సెంటీమీటర్లు పెరిగాక, ఉదయపు వేళ, కొన నుంచి ఒక సెంటీమీటరు మేర కోసి, ఒక వంతు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఇథైల్ ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో 24 గంటలు ఉంచాలి. ఈ ద్రావణం కణాలను అవి ఏ దశలో ఉంటే ఆ దశలోనే నిలిపివేస్తుంది. వెంటనే వాడకపోతే ఆ ముక్కలను 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి దాచుకోవచ్చు. ఈ ద్రావణం కలపడం నుంచీ పని ఆమ్లాలతో కనుక, దాన్ని ప్రయోగశాలలో, అధ్యాపకుల ఎదుటనే చేయాలి.

ముక్కలను నీటితో కడిగి, ఒక నార్మల్ (1N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎనిమిది పది నిమిషాలు ఉంచితే కణాలను అంటిపెట్టే జిగురు కరిగి వేరు మెత్తబడుతుంది. ఈ మెట్టును తొందరపడి కుదిస్తే కణాలు విడిపోక ఒకదానిమీద ఒకటి పేరుకొని, తరువాత ఎంత మంచి అద్దకం వేసినా గజిబిజిగానే కనబడతాయి. మళ్లీ కడిగి, ముక్కను స్లైడుమీద పెట్టి, చివరి రెండు మిల్లీమీటర్లు ఉంచి మిగిలింది తీసివేయాలి. క్రోమోజోములకు రంగు పట్టించే ఎసిటోకార్మిన్ అద్దకం రెండు చుక్కలు వేసి, స్పిరిట్ దీపంపై స్లైడును ఉడకకుండా వెచ్చబరచి, కవర్ స్లిప్ కప్పి, పెన్సిలు మొద్దు కొనతో మెల్లగా తట్టాలి. తరువాత బ్లాటింగ్ పేపరు మడతలో పెట్టి బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కాలి. వేలు పక్కకు జారితే కవర్ స్లిప్ కింద కణాలన్నీ చాపలా చుట్టుకుపోతాయి, మళ్లీ మరో కొనతో మొదలుపెట్టవలసిందే.

ఏమి కనబడుతుంది?

ముందు 10 రెట్ల వస్తుకటకంతో చతురస్రాకారపు కణాలున్న చోటును వెతికి, ఆపైన 40 రెట్ల కటకానికి మారాలి. చాలా కణాల్లో కేంద్రకం గుండ్రని ముద్దలా కనబడుతుంది. అవి అంతర్దశలో ఉన్నవి. వాటిని ఊరకే ఉన్న కణాలు అనుకోరాదు. కణం పరిమాణం పెరిగేదీ, డీఎన్‌ఏ రెట్టింపయ్యేదీ ఈ దశలోనే. డీఎన్‌ఏ రెట్టింపైనా క్రోమోజోముల లెక్క 16గానే ఉంటుంది. ఒక్కొక్కటి రెండేసి క్రొమాటిడ్లతో జంట పోగులా తయారవుతుంది, అంతే.

అంతర్దశ కణాలే ఎందుకు ఎక్కువో తెలియాలంటే అలిపిరి మెట్లదారిని తలచుకోవాలి. నడిచేవారందరినీ ఒకే క్షణంలో పైనుంచి ఫోటో తీస్తే, గాలిగోపురం దగ్గర ఆగి సేదతీరేవారూ మోకాళ్ల మెట్టు దగ్గర మెల్లగా ఎక్కేవారూ గుంపుగా, మిగతాచోట్ల పలుచగా కనబడతారు. మన స్లైడు కూడా అటువంటి ఫోటోయే: ఏ దశకు ఎక్కువ సమయం పడుతుందో ఆ దశలో ఎక్కువ కణాలు చిక్కుతాయి. మనిషి కణానికి ఒక చక్రం పూర్తికావడానికి పట్టే సుమారు 24 గంటల్లో అసలు విభజనకు పట్టేది దాదాపు ఒక్క గంటే.

విభజనలో ఉన్న కణాల్లో మొదట గుర్తుపట్టగలిగేది ప్రథమ దశ. కేంద్రకం దారపు ఉండలా ఉంటుంది. గ్రీకు భాషలో దారమనే అర్థమున్న మాట నుంచి వాల్తర్ ఫ్లెమింగ్ 1882లో మైటోసిస్ అనే పేరు పెట్టింది ఈ దారాలను చూసే. మధ్యస్థ దశలో క్రోమోజోములు కణం నడుమ బారు తీరుతాయి. ఆ బారును పైనుంచి చూసే వీలున్న కణం ఒక్కటి దొరికితే 16ను లెక్కించవచ్చు. అన్ని కణాల్లో లెక్క కుదరదు. చలన దశలో, కణం రెండు కొసల మధ్య ఏర్పడే కండె తంతువుల వెంట క్రొమాటిడ్లు విడివడి అటు 16, ఇటు 16 వెళ్తాయి. అంత్య దశలో రెండు కొత్త కేంద్రకాలు ఏర్పడగా, వాటి మధ్య సన్నని కణ ఫలకం అడ్డుగోడలా పుడుతుంది. జంతుకణమైతే నడుము దగ్గర నొక్కుకుపోయి విడిపోతుంది.

ఎనిమిదిని వెతకడం

క్షయకరణ విభజన వేరులో ఎంత వెతికినా దొరకదు; దానికి పూలు కావాలి. విత్తనానికి వదిలిన ఎర్రగడ్డ మొక్కలో పొర చీలని పూగుత్తిని తెచ్చి, వేర్లకు బదులు మొగ్గలను అదే ద్రావణంలో ఉంచాలి. ఒకే గుత్తిలో అన్ని వయసుల మొగ్గలూ ఉండడం మన అదృష్టం. పసుపు రంగుకు తిరిగిన పరాగకోశాల్లో పుప్పొడి అప్పటికే తయారై ఉంటుంది కాబట్టి వాటిని వదిలి, పాలిపోయి ఉన్న చిన్న మొగ్గలను ఒక్కొక్కటిగా తీసి ఎసిటోకార్మిన్‌లో చిదిమి చూడాలి. దీనికి ఆమ్లంలో ఉడికించే పని లేదు, ఓపిక మాత్రం చాలా కావాలి.

సరైన మొగ్గ దొరికితే 16 విడి పోగులకు బదులు ఎనిమిది జంటలు కనబడతాయి. తల్లివైపు నుంచి వచ్చిన క్రోమోజోము, తండ్రివైపు నుంచి వచ్చిన తన జోడుతో కలిసి, అక్కడక్కడ ముక్కలు మార్చుకొని, కత్తెరలానో వలయంలానో ముడిపడి ఉంటుంది. మొదటి విభజనలో జోళ్లు విడిపోయి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది చేరతాయి. సంఖ్య సగమయ్యేది ఇక్కడే. రెండో విభజన సమవిభజన వంటిదే. క్రొమాటిడ్లు విడిపోయి, ఎనిమిదేసి క్రోమోజోములతో నాలుగు కణాలు ఏర్పడతాయి. ఆ నాలుగూ ఒకే పొరలో ఇమిడి ఉన్న దృశ్యం అన్నిటికంటే సులభంగా గుర్తుపట్టదగినది.

దామలచెరువు, బంగారుపాళ్యం మండీలకు కాయలు పంపే రైతులు తోతాపురి మామిడిని టెంకతో కాక అంటుతోనే పెంచడానికి కారణం ఈ రెండు స్లైడుల్లోనూ ఉంది. అంటుకొమ్మ పెరిగేది సమవిభజనతో, కనుక మామిడికి ఉన్న 40 క్రోమోజోములూ తల్లిచెట్టులోనివే. టెంకలోని పిండమైతే ముక్కలు మార్చుకొన్న 20, మరోచోట ముక్కలు మార్చుకొన్న 20 కలిసి ఏర్పడినది. కాయ ఎలా వస్తుందో కాపుకు వచ్చేదాకా చెప్పలేము.

మంచి కణం దొరికిన స్లైడును పారవేయనక్కరలేదు. కవర్ స్లిప్ అంచుల చుట్టూ గోళ్ల రంగు పూసి మూసివేస్తే కొన్ని రోజులు ఆరిపోకుండా ఉంటుంది. దొరికిన కణం ఏ మూలన ఉందో స్లైడు అడుగున సిరాచుక్కతో గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే మరునాడు మళ్లీ మొదటినుంచీ వెతుక్కోవలసి వస్తుంది.