ఇంటి కాంట్రాక్టు: చదరపు అడుగు రేటులో కనిపించని ఖర్చులు

సొంత స్థలంలో ఇల్లు కట్టించుకోబోయేవారు కాంట్రాక్టరును మొదట అడిగేది చదరపు అడుగుకు ఎంత అని. ఆ అంకెను విస్తీర్ణంతో హెచ్చవేసి మొత్తం ఖర్చు తేలిపోయిందనుకుంటారు. అయితే ఆ రేటు ఏ కొలతకు వర్తిస్తుందో, అందులో ఏయే పనులు చేరతాయో ఒప్పందంలో లేనంతవరకు అది నోటిమాట లెక్కే. ఇంటి తగాదాల్లో చాలా వాటికి మూలం దురుద్దేశం కన్నా ఈ రెండు సంగతులను ఎవరికి వారు తమకు అనుకూలంగా ఊహించుకోవడమేనని నా అభిప్రాయం.

ముందుగా కొలత సంగతి తేల్చుకోవాలి. గదుల విస్తీర్ణం 1,000 చదరపు అడుగులే అయినా పోర్టికో 120, బాల్కనీ 60, పైన మెట్ల గది 100 కలిపి స్లాబు అంచు వరకు కొలిస్తే అది 1,280 అవుతుంది. రేటు 1,800 రూపాయలనుకుంటే తేడా 5,04,000 రూపాయలు. పోర్టికోకు, బాల్కనీకి సగం రేటు కట్టే ఆనవాయితీ కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు. కనుక ప్లాను కాపీ మీదే ఏ భాగాన్ని పూర్తిగా, ఏ భాగాన్ని సగానికి లెక్కిస్తారో, సజ్జాలను, పిట్టగోడను కొలతలోకి తీసుకుంటారో లేదో రాయించి ఇద్దరూ సంతకాలు చేయాలి.

తర్వాత రేటులో చేరని పనుల జాబితాను కాంట్రాక్టరు చేతనే రాయించాలి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, బోరు, ఎలివేషన్ (ఇంటి ముఖభాగం అలంకరణ) పనులు, అల్మరాల చెక్కపని, పునాదిలో నింపే గ్రావెల్ తరచుగా విడిగానే ఉంటాయి. వీటన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది పునాది. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది కాబట్టి అక్కడ మామూలు లోతు సరిపోదు. హైదరాబాదులో చాలాచోట్ల ఇందుకు భిన్నంగా కొద్ది అడుగులకే రాయి తగిలి, దాన్ని కొట్టించే ఖర్చు మీద పడుతుంది. ఒప్పందానికి ముందే మట్టి పరీక్ష చేయించి, ఎంత లోతు వరకు రేటులో చేరుతుందో, ఆపైన అడుగుకు ఎంత ఇవ్వాలో, రాయి పడితే ఖర్చు ఎవరిదో తేల్చుకోవాలి. బేస్‌మెంట్ (నేలకు పైన, గదుల గచ్చుకు కింద ఉండే పునాది భాగం) ఎత్తును కూడా రోడ్డు మట్టం నుంచి ఎన్ని అడుగులో అంకెల్లో రాయాలి. వీధిలో కొత్తగా సిమెంటు రోడ్డు వేసినప్పుడు ఇల్లు పల్లంలో పడిపోవడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు.

మెటీరియల్‌తో సహా ఇచ్చే కాంట్రాక్టులో ‘మంచి కంపెనీ టైల్స్’, ‘నాణ్యమైన స్టీలు’ వంటి మాటలకు చోటివ్వకూడదు. సిమెంటు రకం, స్టీలు గ్రేడు, వైరు కంపెనీ, టైల్స్‌కు చదరపు అడుగుకు ఎంత ధర వరకు కాంట్రాక్టరు భరిస్తాడన్నది స్పష్టంగా ఉండాలి. కూలి కాంట్రాక్టు ఇచ్చి సరుకు మీరే కొనేటట్లయితే స్టీలు తూకాన్ని సరిచూసుకునే లెక్క ఒకటుంది: కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ 12 మీటర్ల పొడవుంటే సుమారు 10.7 కిలోలు తూగాలి. ఇసుక విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఉచిత విధానం ఉన్నా లోడింగు, రవాణా ఉచితం కావు. జీఎస్‌టీ గురించి కూడా ముందే అడగాలి: ఒక్క ఇంటికి సంబంధించిన పూర్తి కూలి కాంట్రాక్టుకు మినహాయింపు ఉంది కానీ, మెటీరియల్‌తో సహా చేసే రిజిస్టర్డ్ కాంట్రాక్టరు బిల్లుకు పన్ను పడుతుంది. రేటులో అది కలిసి ఉందో లేదో చివరి బిల్లు దాకా చూడకుండా ఉంటే లక్షల్లో తేడా వస్తుంది.

అనుమతి రుసుములు, వర్తిస్తే కార్మిక సంక్షేమ సెస్సు, ఖాళీ స్థలం పన్ను బకాయిలు, నిర్మాణ సమయంలో తాత్కాలిక కరెంటు కనెక్షను మీ బడ్జెట్‌లోనే వేసుకోండి. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ నిబంధనల ప్రకారం విడవాల్సిన ఖాళీ స్థలం) వదలకుండా కట్టమని మేస్త్రీ సలహా ఇచ్చినా, నోటీసు వచ్చేది యజమానికే.

డబ్బు ఎప్పుడూ పని వెనకే నడవాలి. పునాది, ప్లింత్ బీమ్ (పునాది మీద గోడల కింద వేసే కాంక్రీటు దూలం), స్లాబు, గోడలు, ప్లాస్టరింగు, ఫ్లోరింగు, రంగులు అని దశలుగా విభజించి, ప్రతి దశా పూర్తయి మీ ఇంజనీరు చూశాకే చెల్లించాలి. స్లాబుకే డెబ్బై, ఎనభై శాతం వసూలయ్యే షెడ్యూలుకు ఒప్పుకుంటే, తక్కువ లాభం మిగిలే ఫినిషింగు పనికి కాంట్రాక్టరు ఆసక్తి చూపడు. గృహరుణం తీసుకునేవారు బ్యాంకు విడుదల దశలను, కాంట్రాక్టు దశలను ఒకదానికొకటి సరిపోల్చుకోవాలి. ఐదు శాతం సొమ్మును ఒక వానాకాలం గడిచేదాకా అట్టిపెట్టుకునే షరతు పెడితే స్లాబు కారినా, గోడ చెమ్మగిల్లినా బాగు చేయించుకునే పట్టు మీ చేతిలో ఉంటుంది.

అదనపు పనుల్లో మన ఇళ్లకు ప్రత్యేకమైనది వాస్తు మార్పు. స్లాబు పడ్డాక బంధువు తీసుకొచ్చిన సిద్ధాంతి మెట్లు జరపమంటే, కూల్చినందుకు కూలి, కొత్తగా కట్టినందుకు కూలి రెండూ యజమాని మీదే పడతాయి. నమ్మకం ఉన్నవారు ప్లాను దశలోనే ఒక్కరిని చూపించి అక్కడితో ముగించాలి. ఏ మార్పుకైనా ధర, దానికి పట్టే అదనపు రోజులు వాట్సాప్ సందేశంగానైనా నమోదయ్యాకే పని మొదలుపెట్టించండి. గృహప్రవేశ ముహూర్తాన్ని కాంట్రాక్టరు మాట ఇచ్చిన గడువుకు కనీసం రెండు నెలల తర్వాత పెట్టుకోవడం మేలు. శుభలేఖలు పంచాక బేరమాడే శక్తి మీకు ఉండదు.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా వివాదం వస్తే, ముందుగా మరో ఇంజనీరు చేత జరిగిన పనిని కొలిపించి నివేదిక తీసుకోవాలి. అమ్మకానికి కాక మీరు ఉండటానికి కట్టించుకునే ఇల్లు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) పరిధిలోకి రాదు. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్ని సేవగానే గుర్తిస్తుంది కనుక, లోపం బయటపడిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ పనికొచ్చేవి సంతకాలున్న ఒప్పందం, బ్యాంకు ద్వారా జరిపిన చెల్లింపుల రుజువులు, తేదీలతో ఉన్న ఫొటోలు. నగదు ఇవ్వక తప్పని పరిస్థితుల్లో ఏ దశకు ఎంత ఇచ్చారో రాసి, అదే రోజు రసీదు తీసుకోండి.