ఊద్ మీద తఖ్సీమ్: బయాతీతో మొదలుపెట్టే పద్ధతి

ఊద్ అరబ్, టర్కీ సంగీతాల్లో వాయించే తీగల వాద్యం. మఖామ్ మన రాగం లాంటిది, బయాతీ అలాంటి ఒక మఖామ్. తఖ్సీమ్ అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ ఒక మఖామ్‌ను విప్పి చూపించడం. సాధారణంగా తాళం ఉండదు. ఆలాపన వచ్చినవాళ్లు ఇదేదో తెలిసిన దారే అనుకుని ఏడు స్వరాలనూ కిందికీ పైకీ పరుగెత్తిస్తారు. అక్కడే దెబ్బతింటారు. మఖామ్‌ను నిలబెట్టేది ఆరోహణ అవరోహణలు కావు, ‘జిన్స్’ అనే చిన్న తునకలు. ఒక్కో తునకలో మూడు నుంచి ఐదు స్వరాలు, దానికంటూ ఒక ఆధార స్వరం, దానికంటూ ఒక ముగింపు. ఒక తునకలో కుదురుగా మాట్లాడటం వచ్చాకే రెండోదాని జోలికి పోవాలి.

ముందు వాద్యం సంగతి. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో మనిషి లేని వాడ అరుదు కాబట్టి తెప్పించుకోవడం కష్టం కాదు. షోకేసులో పెట్టే బొమ్మ ఊద్ మాత్రం వద్దని గట్టిగా చెప్పండి, అది శ్రుతి పట్టదు. మెడ పైచివర తీగలు ఆనే పట్టె నుంచి బ్రిడ్జి దాకా కొలిపించండి. అరబ్ ఊద్ అయితే 60–62 సెంటీమీటర్లు, టర్కీది 58.5 దగ్గర ఉంటుంది. మెడ, బుర్ర కలిసేచోట తీగ పలక మీద మూడు మిల్లీమీటర్లకు మించి లేచి ఉంటే వేళ్లు త్వరగా అలసిపోతాయి, నొక్కిన స్వరం కూడా పైకి జరుగుతుంది. విమానంలో తెచ్చేటప్పుడు తీగలు ఒకటి రెండు స్వరాలు వదులు చేయాలి.

వరంగల్ ఎండలకు కర్ర ఎండి బిరడలు జారతాయి, వానాకాలం ఉబ్బి బిగుసుకుంటాయి. జారితే సుద్దపొడి, బిగిస్తే పొడి సబ్బుముక్క రుద్దండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి. ఎండలో నిలిపిన కారులో అసలే వదిలేయొద్దు, వేడికి సరేసు మెత్తబడి బ్రిడ్జి ఊడొచ్చు.

మీటడానికి ‘రీషా’ కావాలి. కరెంటు సామాన్ల షాపులో దొరికే 7–8 మిల్లీమీటర్ల వెడల్పు కేబుల్ టైని 12–13 సెంటీమీటర్లకు కోసి, కొనలు గుండ్రంగా అరగదీస్తే మొదటి ఏడాదికి అది చాలు.

లావు తీగ నుంచి సన్నదానికి సి, ఎఫ్, ఎ, డి, జి, సి (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు) అని శ్రుతి చేయండి. అన్నిటికన్నా లావుది సాధారణంగా ఒంటి తీగ, మిగతావి జంటలు. జంటలో రెండు తీగలూ ఒక్కటై మోగాలి. అవి రవ్వంత విడిపోయినా ముందుముందు రాబోయే సున్నితమైన స్వరం మీ చెవికి అందదు.

బయాతీకి డి తీగ షడ్జమం, అంటే రెండు శ్రుతి. జి తీగ శుద్ధ మధ్యమం అవుతుంది. మొదటి తునకలో నాలుగే స్వరాలు: స, రి, గ, మ. గాంధారం సాధారణ గాంధారమే. కీలకమంతా రిషభంలో ఉంది. శుద్ధ రిషభం వేస్తే తోడి మేళం వైపు, చతుశ్రుతి వేస్తే నఠభైరవి వైపు పోతుంది. బయాతీ రిషభం ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. తీగ పొడవు 61 సెంటీమీటర్లయితే పైపట్టె నుంచి శుద్ధ రిషభం 3.4 దగ్గర, చతుశ్రుతి 6.7 దగ్గర, వాటి సరిగ్గా మధ్యది 5.1 దగ్గర పలుకుతాయి. బయాతీలో వేలు ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు పైపట్టె వైపు జరగాలి. అదే రిషభస్థానం రాస్త్ మఖామ్‌లో (అక్కడ ఆధారం సి) కొంచెం హెచ్చుగా పలుకుతుంది. గాంధారం 9.7 దగ్గర. మధ్యమానికి వేలు అక్కర్లేదు, ఖాళీ జి తీగ మీటడమే. ట్యూనర్ యాప్‌లో ఈ రిషభం ఇ స్వరం కంటే 50–60 సెంట్లు (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరం వంద సెంట్లు) తక్కువ చూపాలి. హార్మోనియంతో సరిచూసుకోవద్దు, దాని మెట్లలో ఈ స్వరమే లేదు. గమకం కూడా ఇక్కడ పనికిరాదు: రిషభాన్ని ఊపితే అది తోడిలోకి జారుతుంది. వేలు స్థిరంగా పెట్టి, మీటి, ఆగి వినండి.

ఎలక్ట్రానిక్ తంబూరా పెట్టుకునేవాళ్లు పంచమం తీసేసి మధ్యమ శ్రుతి పెట్టుకోవాలి. బయాతీలో షడ్జమం తర్వాత బరువు మధ్యమానిదే. అరబ్బులు దాన్ని ‘గమ్మాజ్’ అంటారు, రెండో తునక అక్కడే మొదలవుతుంది. పంచమం మోగుతుంటే చెవి తప్పుదారి పడుతుంది.

ఇక అల్లిక. నెల రోజులు ఈ నాలుగు స్వరాలు, కింది నిషాదం, అంతే. ఆ నిషాదం ఎ తీగ మీద 9.7 దగ్గర దొరుకుతుంది. ముందు ముగింపులు నేర్చుకోండి. వాటిని ‘ఖఫ్లా’ అంటారు. మ గ రి గ రి స అని వాయించి షడ్జమం మీద ఆగండి. కింది నిషాదాన్ని తాకి స దగ్గరికి రావడం ఇంకోటి. ఇలాంటివి ఐదారు నోటికి వచ్చి, కూనిరాగంగా పాడుకోగలిగాక, ఒక్కో ఖఫ్లాకు ముందు చిన్న మాట కట్టండి: రెండు మూడు ఊపిరుల పొడవు, ఆపైన నిశ్శబ్దం. నిశ్శబ్దానికి భయపడి ఖాళీ అంతా రీషాతో గబగబా రాలగొట్టడం అందరూ చేసే పొరపాటు. ఆ వేగపు మీటు అవసరమే, కానీ ఒక స్వరాన్ని నిలబెట్టాల్సినచోట మాత్రమే. మణికట్టు వదులుగా ఉండాలి. మోచెయ్యి కదులుతోందంటే ఆపి మళ్లీ మెల్లగా మొదలుపెట్టండి.

తర్వాత మధ్యమం మీదికి ఎక్కండి. జి తీగ మీద ప 6.7 దగ్గర, శుద్ధ ధైవతం 9.7 దగ్గర, పైన ఖాళీ సి తీగ కైశికి నిషాదం. పైకి పోయేటప్పుడు ధైవతాన్ని 11.2 దాకా పెంచి, దిగేటప్పుడు మళ్లీ 9.7కు తేవడం బయాతీలో మామూలే. ఇక్కడ మధ్యమాన్నే ఇల్లనుకుని దాని మీద ఖఫ్లాలు వేయండి, వెంటనే షడ్జమానికి పరుగెత్తకండి. ఆ పైన తారషడ్జమం సన్న తీగ మీద 6.7 దగ్గర. అక్కడ కాసేపు నిలిచి, వచ్చిన దారినే దిగాలి.

మఖామ్ మార్చడం చివరి పాఠం. బయాతీ నుంచి అతి దగ్గరి మలుపు సబా: మధ్యమాన్ని అంతర గాంధార స్థానానికి, డి తీగ మీద 12.6 దగ్గరికి, దించితే చాలు. ఆ ఒక్క స్వరంతో దుఃఖం కమ్ముకుంటుంది. అందుకే మూడు నిమిషాల తఖ్సీమ్‌లో ఒక్కసారి చాలు. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ జి తీగను స్పష్టంగా రెండుసార్లు మీటండి, వినేవాళ్లకు ఇల్లు చేరినట్టు తెలుస్తుంది.

వినడానికి ఇరాక్ వాద్యకారుడు మునీర్ బషీర్ (1930–1997), ఈజిప్టు స్వరకర్త రియాద్ అల్ సుంబాతీల వాయిద్యం ఎంచుకోండి. బషీర్ ఎంతసేపు ఆగుతాడో గమనించండి. మొత్తం దించుకోవాలని చూడొద్దు, ఖఫ్లాలు మాత్రమే దించుకోండి. పాటకు ముందు వాయించే తఖ్సీమ్ అయితే నిమిషంన్నర చాలు, చివరి ఖఫ్లా పాట మఖామ్‌లోనే, పాట షడ్జమం మీదే పడాలి.