కొండల్లో వాన వదలకపోతే గెడ్డ (కొండవాగు) పక్క ఇళ్లవాళ్లు ఏం చేయాలి?

అనంతగిరి కొండల్లో పడిన వాన గోస్తని నదిలోకి దిగి, తాటిపూడి జలాశయం దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మాడుగుల వైపు కొండల నీళ్లు శారద నదిలో పడి అనకాపల్లి మీదుగా వస్తాయి. అందుకే విశాఖ చుట్టుపక్కల వాన తెరిపిచ్చి, ఎండ కూడా కాశాక గెడ్డ పొంగడం మామూలే. రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే కొండ మీద నేల ఇంక నీళ్లు తాగదు. ఆ తర్వాత పడేదంతా కిందికే వస్తుంది. మీ ఇంటి మీద మబ్బు ఎలా ఉందన్నది సగం సంగతే, ఎగువన ఎంత పడిందో కూడా తెలియాలి.

వాన కొలవండి

ఎగువ ఊళ్లో చుట్టాలో స్నేహితులో ఉంటే ఈ పని వాళ్లకు అప్పజెప్పండి. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పు ఉన్న స్టీలు డబ్బా చాలు. బకెట్ పనికిరాదు. దాని నోరు వెడల్పు, అడుగు సన్నం కాబట్టి పడినదానికంటే ఎక్కువ చూపిస్తుంది. డబ్బాను చూరుకీ చెట్లకీ దూరంగా పెట్టి, ఉదయం 8:30కి స్కేలుతో కొలిచి పారబోయాలి. వాతావరణ శాఖ రోజు లెక్క కూడా ఆ సమయానికే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. కొండవాలులో వానంతా నాలుగైదు గంటల్లోనే కురిసిందంటే అంకె చిన్నదైనా ప్రమాదమే. అందుకని ముసురు రోజుల్లో మూడు గంటలకోసారి ఫోన్‌లో అడగండి.

గెడ్డలో గీతల కర్ర

వెదురు బొంగుకి పది సెంటీమీటర్లకో గీత చొప్పున పెయింట్ వేసి, నీళ్లు రాకముందే ఒడ్డున గట్టిగా పాతండి. గట్టు మీద నిలబడి టార్చి వెలుగులో చదవగలిగేలా ఉండాలి. చదవడానికి గెడ్డలోకి దిగాల్సి వస్తే ఆ కర్ర పెట్టిన చోటు తప్పు. మీ గుమ్మం ఎత్తు ఏ గీతకు సరిపోతుందో నీటిగొట్టంతో, అంటే తాపీమేస్త్రీలు లెవెల్ చూసే సన్నటి ప్లాస్టిక్ పైపుతో, ముందే చూసుకుని అక్కడ ఎర్రగుడ్డ కట్టండి.

అరగంటకోసారి చదివి కాగితం మీద రాయండి. గుమ్మానికి ఇంకా 120 సెంటీమీటర్లు ఉంది, అరగంటకు 20 చొప్పున ఎక్కుతోంది అనుకోండి. లెక్కప్రకారం మూడు గంటల సమయం ఉంది. కానీ వరద ఒకే జోరున ఎక్కదు, పోనుపోను జోరు పెరుగుతుంది. అందుకని గంటన్నరే మీ చేతిలో ఉందనుకుని, అందులో ముసలివాళ్లనీ పిల్లల్నీ దాటించడానికి పట్టే సమయం తీసేయండి. మిగిలింది అరగంటకన్నా తక్కువైతే వెంటనే బయల్దేరాలి.

మూడు గుర్తులు కనిపిస్తే కర్ర చూస్తూ కూర్చోకండి. మొదటిది, నీరు ఉన్నట్టుండి ఎర్రమట్టి రంగుకి తిరిగి కొమ్మలూ దుంగలూ కొట్టుకురావడం. రెండోది, కొండవైపు నుంచి బండలు దొర్లుతున్న చప్పుడు. మూడోదాన్ని చాలామంది పొరబడతారు. వాన పడుతూనే ఉన్నా గెడ్డలో నీరు హఠాత్తుగా తగ్గిపోతుంది. తగ్గింది కదా అని ఊరట చెందకండి. పైన ఎక్కడో కొండచరియ విరిగి గెడ్డకు అడ్డం పడి ఉండొచ్చు. ఆ కట్ట తెగితే నీళ్లన్నీ ఒక్కసారే వస్తాయి.

మేఘాద్రిగెడ్డ, రైవాడ లాంటి జలాశయాల దిగువన ఉన్నవాళ్లకు గేట్లు ఎత్తే కబురు కర్రకన్నా ముందే అందాలి. సచివాలయం వాట్సాప్ గ్రూపులో ఇంటికొకరైనా ఉండండి.

ఇల్లు వదిలేటప్పుడు

ముందు మెయిన్ స్విచ్ దించండి. నీళ్లు గదిలోకి వచ్చేశాక తడి చేత్తో దాని జోలికి పోవద్దు. గ్యాస్ రెగ్యులేటర్ ఆపి, తీసి, సిలిండర్‌ను కిటికీ ఊచలకు తాడుతో కట్టండి. లేదంటే అది తేలి కొట్టుకుపోతుంది. మరుగుదొడ్డి బేసిన్‌లో ఇసుక నింపిన గోనెసంచి కుక్కండి, పల్లపు కాలనీల్లో మురుగు మొదట ఎగదన్నేది అక్కడినుంచే. ఆధార్, రేషన్ కార్డు, పట్టా కాగితాలు, రోజూ వేసుకునే మందులు ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. పశువుల కట్లు విప్పేయండి, కట్టేసి ఉన్న పశువు ఈదలేదు.

కాజ్‌వే మీద నీరు పారుతుంటే దాటొద్దు. జోరుగా పారే నీరు 15 సెంటీమీటర్లుంటే చాలు మనిషి కాళ్లు లాగేస్తుంది. 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలుతుంది. కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో ఆ బురదనీటిలో కనపడదు. ఎవరైనా చిక్కుకుంటే 112కి, జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి ఫోన్ చేయండి.

వరద తీశాక: నుయ్యి బాగుచేయడం

వరద తగ్గాక జనం జబ్బుపడేది ఎక్కువగా ఇక్కడే. పైకి తేటగా కనిపించినా వరదలో మునిగిన నూతిలో మరుగుదొడ్ల నీరు కలిసి ఉంటుంది. బాగయ్యేదాకా తాగే నీళ్లను గుడ్డతో వడకట్టి, తెర్లించి వాడండి.

నుయ్యిని వెంటనే మోటారుతో ఖాళీ చేయకండి. చుట్టూ నేల నీళ్లతో బరువెక్కి ఉంటుంది. లోపలి నీరు ఒక్కసారిగా తీసేస్తే ఆ ఒత్తిడికి ఒరలు కూలతాయి. చుట్టూ నేల ఆరాక, ఆగి ఆగి తోడండి. డీజిల్ ఇంజన్‌ను ఎప్పుడూ నూతిలోకి దించొద్దు, ఆ పొగ లోపల నిండి దిగిన మనిషి ప్రాణం తీస్తుంది. బురద ఎత్తి, ఒరలు కడిగి, ఊట నీరు మళ్లీ నిండాక క్లోరిన్ వేయాలి.

నుయ్యి వెడల్పు మీటర్లలో కొలిచి, ఆ అంకెను అదే అంకెతో గుణించండి. దాన్ని నీటి లోతుతో, తర్వాత 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. వెడల్పు 2, లోతు 3 అయితే 2×2×3×785, అంటే 9,420 లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అందాలంటే, 33 శాతం క్లోరిన్ ఉన్న కొత్త బ్లీచింగ్ పౌడర్ ఈ నూతికి సుమారు 1,430 గ్రాములు కావాలి. మూతి విప్పి నెలలు గడిచిన సంచిలో ఘాటు పోయి ఉంటుంది. వాసన ముక్కుకి గుచ్చకపోతే ఆ పౌడర్ మార్చండి.

పొడిని నేరుగా చల్లితే సున్నం అడుగుకు చేరుతుంది, క్లోరిన్ సరిగా కలవదు. బకెట్‌కు 100 గ్రాములకు మించకుండా వేసి, కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పావు బకెట్ దాకా నింపి కలపండి. పది నిమిషాలకు సున్నం అడుగున పేరుకుంటుంది. పైన తేరిన నీటిని మాత్రం వేరే బకెట్లోకి వంచి, తాడుతో నూతి నీటి లోపలికి దించి అటూ ఇటూ ఆడించండి. ఈ నూతికి దాదాపు పదిహేను బకెట్లు పడతాయి. ముక్కుకి గుడ్డ, చేతులకు గ్లవ్స్ ఉండాలి.

కనీసం 12 గంటలు ఎవరూ తోడకూడదు. తర్వాత వాసన సన్నగిల్లేదాకా నీళ్లు తోడి పారబోయండి, గెడ్డలోకీ చేపల చెరువులోకీ వదలకుండా. వాడుకలోకి వచ్చాక 1,000 లీటర్లకు 2.5 గ్రాములు చాలు. అది రాత్రి వేసి ఉదయం తోడుకోవచ్చు.

బురద ఎత్తేవాళ్లు బూట్లు లేకుండా దిగొద్దు, కాలి పుండ్లలోంచి ఎలుక జ్వరం సోకుతుంది. వారం పది రోజుల్లో జ్వరంతో పాటు పిక్కలు పీకితే, వరదనీటిలో దిగిన సంగతి డాక్టరుకు చెప్పండి.