సెల్ఫ్ మోటార్: విప్పే ముందు చూడాల్సినవి, మార్చే పద్ధతి

తాళం తిప్పినా ఇంజన్ తిరగకపోతే అందరి అనుమానమూ ముందు దాన్ని తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్ మీదికే పోతుంది. కొత్తది తెచ్చి బిగించాక కూడా అదే చప్పుడు వస్తే అప్పుడు తెలుస్తుంది, తప్పు బ్యాటరీ టెర్మినల్‌దో ఎర్త్ వైరుదో అని. అందుకే పానా కంటే ముందు మల్టీమీటర్ బయటకు తీయాలి.

చప్పుడే సగం సంగతి చెబుతుంది. టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో చార్జి లేదు, లేదా టెర్మినల్ వదులైంది. ఒక్కసారి గట్టిగా 'టక్'మని ఆగిపోతే సోలనాయిడ్ (మోటార్‌కు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) కాంటాక్టులు గానీ, మోటార్ లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు గానీ అరిగి ఉండొచ్చు. మోటార్ రయ్యిమని తిరుగుతున్నా ఇంజన్ కదలకపోతే పినియన్ (మోటార్ కొసనుండే చిన్న పళ్ల చక్రం) క్లచ్ జారుతోంది. గరగరమంటే పినియన్ పళ్లు గానీ అది తిప్పే ఫ్లైవీల్ రింగ్ గేర్ (ఇంజన్‌కున్న పెద్ద పళ్ల చక్రం) పళ్లు గానీ పాడయ్యాయి. మోటార్ బాడీ మీద సుత్తి పిడితో మెల్లగా తడితే ఒకసారి స్టార్ట్ కావడం కూడా బ్రష్‌లు అరిగాయనడానికి గుర్తే. అది బండిని ఇంటికి చేర్చడానికి పనికొస్తుంది గానీ రిపేరు కాదు.

ఇక కొలతలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగండి. కాసేపు వాడకుండా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. మరొకరు సెల్ఫ్ కొడుతుండగా అది 9.6 కంటే కిందికి పడిపోతే ముందు బ్యాటరీ సంగతి చూడండి. తర్వాత మీటర్ ఒక కొన బ్యాటరీ పాజిటివ్ పోస్ట్ మీద, రెండో కొన మోటార్ మీదున్న లావు కేబుల్ స్టడ్ మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు దాటితే ఆ కేబుల్‌లోనో జాయింట్‌లోనో తుప్పుంది. నెగటివ్ పోస్ట్ నుంచి మోటార్ బాడీకి ఇదే పరీక్ష చేస్తే 0.3 దాటకూడదు. చివరగా సోలనాయిడ్‌కు వచ్చే సన్న వైరు చూడండి. తాళం తిప్పినప్పుడు దానికి సుమారు 10 వోల్టులైనా అందకపోతే రిలే, తాళం స్విచ్, క్లచ్ లేదా న్యూట్రల్ స్విచ్‌లలో తప్పు వెతకాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తిరగడం లేదంటేనే మోటార్ విప్పండి.

మోటార్ ఎక్కడుందో తెలియకపోతే బ్యాటరీ పాజిటివ్ నుంచి బయలుదేరే లావు కేబుల్ వెంట వెళ్లండి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసేచోట పెద్ద సిలిండర్, దానికి ఆనుకుని చిన్న సిలిండర్ కనిపిస్తాయి. చిన్నది సోలనాయిడ్. కొన్ని బండ్లలో పైనుంచి అందుతుంది, కొన్నిటిలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుంటుంది, చాలావాటిలో కింది నుంచే దారి. కింద దూరేపనైతే చక్రాలకు అడ్డుపెట్టి, జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టండి. ఒట్టి జాకీని నమ్మి బండి కింద పడుకోకండి. సైలెన్సర్ పైపు చల్లారేదాకా ఆగండి.

మొట్టమొదట బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. మోటార్‌కు వచ్చే లావు కేబుల్‌లో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది, చాలా బండ్లలో దానికి ఫ్యూజ్ కూడా ఉండదు. పానా ఒకవైపు దానికి, మరోవైపు బాడీకి తగిలితే ఇనుము కరిగేంత నిప్పులు లేస్తాయి.

వైర్ల ఫొటో తీసుకుని సన్న వైరు క్లిప్పు, లావు కేబుల్ నట్టు విప్పండి. మోటార్‌ను పట్టి ఉంచేవి రెండు మూడు బోల్టులు. తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట ఆగండి. ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుపెట్టుకోండి, పొడవులు వేరుగా ఉండొచ్చు. చివరి బోల్టు తీసేటప్పుడు రెండో చేత్తో మోటార్ పట్టుకోండి. మూడు నుంచి అయిదు కిలోలు ఉంటుంది, ముఖాన పడితే చిన్న దెబ్బ కాదు. మధ్యలో పలచటి షిమ్ రేకులుంటే పారేయకండి, పినియన్‌కూ రింగ్ గేర్‌కూ మధ్య ఎడం నిర్ణయించేవి అవే.

మోటార్ తీసిన రంధ్రంలోంచి టార్చి వేసి, క్రాంక్ బోల్టును ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే తిప్పుతూ రింగ్ గేర్ పళ్లు పూర్తి చుట్టూ చూడండి. ఇంజన్ ఆగేది దాదాపు ఎప్పుడూ అవే చోట్ల కాబట్టి అరుగుదల అక్కడే పేరుకుంటుంది. ఒకచోట చూసి బాగుందనుకుంటే మోసపోతారు. పళ్లు విరిగి ఉంటే కొత్త పినియన్‌ను కూడా అవి తినేస్తాయి.

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పినియన్ పళ్ల సంఖ్య, బోల్టు రంధ్రాలు, ముందుభాగం పొడవు పోల్చండి. సిగ్నల్ దగ్గర తనంతట ఆగి స్టార్టయ్యే బండికి ఆ రకానికి చేసిన మోటారే వేయాలి, మామూలుది త్వరగా పోతుంది.

మోటార్ వచ్చి ఆనే ముఖాన్ని వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. మోటార్‌కు ఎర్త్ దొరికేది అక్కడినుంచే, పెయింటు ఉంటే అడ్డు. బోల్టులు ముందు చేత్తోనే ఎక్కించండి. అల్యూమినియం మరలు ఒకసారి పోయాయంటే పని పదింతలవుతుంది. బిగింపు మాన్యువల్‌లో చెప్పినంతే. ఎం10 బోల్టుకు సాధారణంగా 40-50 న్యూటన్ మీటర్లు ఉంటుంది. కేబుల్ నట్టుకు మాత్రం 10 దగ్గర చాలు, బలం చూపిస్తే స్టడ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పగులుతుంది. నెగటివ్ అన్నిటికంటే చివర.

సెల్ఫ్ ఒక్కోసారి పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో అర నిమిషమైనా ఆగండి. ఇంజన్ స్టార్టయ్యాక కూడా మోటార్ కూతపెడుతుంటే వెంటనే ఇంజన్ ఆపేయండి. పినియన్ వెనక్కి రాలేదు. షిమ్‌నో, సోలనాయిడ్‌నో, అతుక్కుపోయిన రిలేనో సరిచూసేదాకా మళ్లీ తాళం తిప్పకండి.